శిశురక్షణకు బాటవేసిన వైద్యురాలు

వ్యాధి వచ్చిన పిమ్మట వైద్యుని పిలుచుట లోకమున పరిపాటి. వ్యాధి రాకుండ కాపాడుటయు వైద్యధర్మమే యనియు, అందులకు ప్రభుత్వము ధనము వెచ్చింపవలెననియు పాలకులను ఒప్పించుట సులభసాధ్యము కాలేదు. పసిబిడ్డల విషయమున ఈ సత్యమును ఒక మహానగరమునందు కార్యరూపమున నిరూపించిన డాక్టరు సారా జోసెఫైన్ బేకరు చరిత్రమును పాఠకులకు సంగ్రహముగ నివేదింపదలచినాము.

ఆమె 1873లో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందలి పొకిప్సీ పట్టణమున కలిగిన కుటుంబమున జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున తండ్రి సన్నిపాతజ్వరముచే మరణింపగా కుటుంబభారము ఆమెపై బడెను. బంధువులు వారించినను వైద్యవిద్య నభ్యసించి 1898లో పట్టము పొందెను. సొంత వైద్యమువలన రాబడి చాలక, 1901లో న్యూయార్కు నగర ఆరోగ్యశాఖలో తనిఖీదారుగ ప్రవేశించెను.

ఆ నగరపు పేదవాడలలో పరదేశములనుండి వలసవచ్చిన కుటుంబములు గాలి వెలుతురులులేని ఇరుకుగదులలో క్రిక్కిరిసి నివసించుచుండెను. వేసవి వచ్చిన పాలు విరిగెడివి. అతిసారము ప్రబలి బిడ్డలు వందలుగ రాలిపోయెడివారు. అది విధివిలాసమని పెద్దలు సరిపెట్టుకొనిరి. బేకరు సరిపెట్టుకొనలేదు. 1908 వేసవిలో తూర్పుభాగమందలి ఒక పేటను పరీక్షార్థమై ఎన్నుకొని, జననముల పట్టికనుండి చిరునామాలు సేకరించి, ప్రతి బాలింత యింటికిని వెనువెంటనే నర్సును పంపెను. చనుబాలే యిచ్చుట, దినదినము స్నానము చేయించుట, కిటికీలు తెరచియుంచుట, ఎండకాలమున పలుచని బట్టలు తొడుగుట, ఇవియే ఆ నర్సులు నేర్పిన విద్యలు. వేసవి ముగియునప్పటికి ఆ పేటలో శిశుమరణములు ముందటి వేసవికంటె 1200 తగ్గెను. ఆ సంవత్సరముననే నగరపాలకులు శిశ్వారోగ్యశాఖను నెలకొల్పి, దాని ఆధిపత్యమును ఆమెకే అప్పగించిరి.

ఆమె చేపట్టిన పనులలో ఆడంబరమేమియు లేదు. పేద తల్లులకు మంచిపాలు లభించుటకు కేంద్రములు తెరపించెను. మంత్రసానులను వెలివేయక, వారికి శిక్షణము, అనుమతిపత్రములు ఏర్పరచెను. అప్పుడే పుట్టిన బిడ్డల కన్నులలో వేయు మందు సీసాలలో నిలువయుండి చిక్కబడి చూపునకే చేటు తెచ్చుచుండగా, ఒక్కొక్క మోతాదును తేనెమైనపు గుళికలలో నింపు ఉపాయమును కనిపెట్టెను. తల్లులు కూలికిపోగా తమ్ములను చెల్లెండ్రను సాకు బాలికలకు సంఘములు స్థాపించి శిశుపోషణము నేర్పించెను. ఆసుపత్రులలో క్షీణించు అనాథశిశువులను పేదయిండ్ల తల్లుల యొడికి చేర్చి, పోషణవ్యయమును ప్రభుత్వముచే ఇప్పించెను. మందుతోబాటు మమతయు బిడ్డకు ప్రాణాధారమని ఆ యేర్పాటు చాటినది.

ఆటంకములు కొద్దివికావు. ఆడుదాని క్రింద పనిచేయజాలమని ఆరుగురు వైద్యులు రాజీనామాలకు సిద్ధపడిరి. ఒక నెల ఓపికపట్టుడని ఆమె కోరగా, వారు నిలిచిపోయిరి. బ్రూక్లిన్ వైద్యులు కొందరు, బిడ్డలకు జబ్బులు తగ్గి తమ రాబడి పడిపోవుచున్నదనియు, ఆ శాఖను ఎత్తివేయవలెననియు నగరాధ్యక్షునకు అర్జీ పెట్టుకొనిరి. దానిని ఆమె ప్రశంసాపత్రముగనే గ్రహించెను. న్యూయార్కు విశ్వవిద్యాలయము ఉపన్యాసములిమ్మని కోరి, స్త్రీయగుటచే విద్యార్థినిగ చేర్చుకొననిరాకరింపగా, చేర్చుకొననిదే బోధింపనని పట్టుబట్టి, 1917లో ప్రజారోగ్యమున డాక్టరు బిరుదమును సాధించెను.

1923లో ఆమె ఉద్యోగము విరమించునాటికి అమెరికా మహానగరములలో శిశుమరణములు మిక్కిలి తక్కువగ గలది న్యూయార్కని పేరువడసెను. శుద్ధిచేసిన పాలు, మంచినీటి వసతులును ఇందుకు తోడ్పడినవనుట న్యాయము. 1945లో ఆమె పరమపదించెను.

ఈ చరిత్రమునందు మాకు ముఖ్యముగ తోచునది యొకటి కలదు. ఆసుపత్రి కట్టించినచో భవనము కంటికి కనబడును; శిలాఫలకముపై దాత పేరు నిలుచును. చావు తప్పిన బిడ్డ మాత్రము తక్కిన బిడ్డలతో కలిసి వీధిలో ఆడుకొనుచుండును. అతడు ఎవరిచే బ్రతికెనో ఎవరికిని తెలియదు. కావుననే ఆదాయవ్యయములు చూచు పెద్దలు మొట్టమొదట కోతవేయునది నివారణకార్యములకే. పుట్టిన ప్రతిబిడ్డ పేరును పుస్తకమునకెక్కించుట, ప్రతి బాలింత గడపకును తెలిసిన మనిషిని పంపుట, మంచిపాలు మంచినీరు అందించుట, వీనికి అపారధనము అక్కరలేదు. విడువని శ్రద్ధ కావలెను. గ్రామమునందుగాని పట్టణమునందుగాని అధికారమును, పలుకుబడియు గలవారు ఈ బాధ్యతను తమదిగ భావింతురుగాక యని మా ఆకాంక్ష.