హారీ క్రో బక్ దొరగారు

కోటప్పకొండ మెట్లెక్కినవారెల్లరు గొల్లభామ కథ వినియే యుందురు. గొల్లవారి యాడుబిడ్డ యొకతె దినదినమును పాలు తీసికొని ఆ కొండ నెక్కి దిగెడిదని మన పెద్దలు చెప్పుదురు. అట్టి కొండ నీడను పెరుగుచున్న మన బాలికలు పదుమూడవ యేడు రాగానే ఆటస్థలమును విడిచి గోడచాటున కూర్చుండుట చూచినప్పుడెల్ల నాకొక మహనీయుడు జ్ఞప్తికి వచ్చును. ఆయనయే హారీ క్రో బక్ దొరగారు.

వీరు 1884వ సంవత్సరమున అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించిరి. స్ప్రింగుఫీల్డునందలి వై.యం.సి.ఏ. కళాశాలలో శిక్షణము పొందిరి. 1891లో బాస్కెట్‌బాల్ ఆట పుట్టినది అచ్చటనే. 1919లో బక్ గారు మద్రాసు చేరిరి. మన తెలుగు జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే.

ఆ దినములలో పాఠశాలలందు వ్యాయామమనగా తరచుగా డ్రిల్లు మాత్రమే. పిల్లలను వరుసగా నిలిపి, కేకలు వేసి, చేతులెత్తించి దింపించుటతో పని ముగిసెడిది. బక్ గారి తలంపు వేరు. దేహశిక్షణము విద్యలో నొక భాగమనియు, దానిని నేర్పువాడు ఇతర ఉపాధ్యాయులవలెనే తరిఫీదు పొందవలయుననియు వారు నమ్మిరి. 1920లో కేవలము అయిదుగురు విద్యార్థులతో మద్రాసులో వ్యాయామ శిక్షణ విద్యాలయమును స్థాపించిరి. ధనము కొంచెము, వసతులు కొంచెము. పట్టుదల మాత్రము మెండు. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టును నడిపించినదియు వీరే. విద్యాలయము క్రమముగా పెరిగి సైదాపేటయొద్ద విశాలమైన ఆవరణమునకు మారెను. 1940లో అందు స్త్రీలకును ప్రవేశము కలిగెను. 1943లో బక్ గారు మద్రాసులోనే పరమపదించిరి. పిమ్మట కొంతకాలము వారి సతీమణి ఆ భారమును వహించిరి.

ఈ చరిత్ర మనకేల? వినుడు. మా బాలికలలో నొకతె చెడుగుడులో మిక్కిలి నేర్పరి. వ్యక్తురాలైన పిమ్మట ఆమె ఆటకు రాలేదు. ఇంటికి వెళ్లి యడుగగా, నీళ్లబిందె మోయుట చాలదా యని తల్లి వాదించెను. అమ్మా, అది చాకిరి. దానిచే ఒడలు అలయును గాని మనస్సు వికసింపదని నేను చెప్పితిని. ఎముకలు గట్టిపడు ప్రాయమిదియే యనియు, ఈ వయసువారు దినమునకు సగటున 60 నిమిషములు చురుకుగా మెలగవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నదనియు వివరించితిని. ఆమె కదలలేదు. తుదకు ఆమె భయము వేరని తెలిసెను: చీకటి పడుట, దారిలో నిలుచువారి చూపులు. పొద్దు గ్రుంకకమునుపే ఉపాధ్యాయురాలి తోడుతో నలుగురు బాలికలను కలిపి యింటికి పంపుదుమని మాట యిచ్చితిని. మరునాడే ఆ పిల్ల మరల బరిలో నిలిచెను.

తలిదండ్రులారా, చెడుగుడునకు కావలసినది నేలపై గీసిన గీత యొక్కటే. తాడాటకు మూరెడు ఎక్కువైన తాడు చాలును. బీదతనము ఆటకు అడ్డు కాదు. మన సంకోచమే అడ్డు. బక్ గారు అయిదుగురితో ఆరంభించిరి. మన వీథిలో అయిదుగురు బాలికలు దొరకరా?