పట్టుదలయు బుద్ధివికాసమును

మనదేశమున పట్టుదలకు గల గౌరవము అభిప్రాయము మార్చుకొనుటకు లేదు. నిన్న చెప్పినమాటను నేడు సవరించుకొన్నవానిని చపలచిత్తుడని లోకము నిందించును. క్రొత్తసంగతి తెలియవచ్చిన పిదపను ప్రాతమాటనే పట్టుకొని వ్రేలాడుట స్థైర్యమా, మౌఢ్యమా? ఈ ప్రశ్నకు కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితముకంటె చక్కని సమాధానము మాకు గానరాదు.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించి, శైశవముననే తండ్రిని గోల్పోయిరి. యౌవనమున వారును పండితుల బాటనే నడచిరి. పెదవులు తాకని యక్షరములతో, అచ్చతెనుగున, నలచరిత్రమును కావ్యముగా రచించి తమ పాండిత్యమును ప్రకటించిరి. అట్టివారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను, వివేకవర్ధనీ పత్రికను స్థాపించి ప్రజలతో మాటలాడ నారంభింపగనే, చదువరి కర్థముగాని భాష నిష్ప్రయోజనమని గ్రహించిరి. కఠినశైలిని క్రమముగా విడిచి సులభవచనమునకు దిగిరి. ప్రహసనములలో పాత్రలచే వాడుకమాటలు పలికించిరి.

వితంతు వివాహ విషయమున వారి నేర్పు మఱింత స్పష్టము. శాస్త్రమే యడ్డమని పండితులు వాదింపగా, 1879లో పంతులుగారు శాస్త్రమును త్రోసివేయక, పరాశరస్మృతినే చేతబట్టి సభలో ప్రత్యుత్తరమిచ్చిరి. ఎదుటివాడు నమ్మిన ప్రమాణముతోనే యెదుటివానిని ఒప్పింప జూచుట వారి మార్గము. వాదము మాత్రమే చాలదని తెలిసినంతనే, కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారి ధనసాహాయ్యమును గైకొని కార్యమునకు బూనిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన మొదటి వివాహము జరిగెను. సంఘము వెలివేసెను. వంటకును నీటికిని మనుష్యులు దొరకనపుడు సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు ఆ పనులను తామే నెత్తిన వేసికొనిరి. ఉపాయములు మాఱినవి గాని ఉద్దేశము మాఱలేదు.

బుద్ధి వంగవలెనన్నచో బలవంతునకు వంగవలెనని కాదు. న్యాయస్థానములలోని లంచములను బయటబెట్టుటలో పంతులుగా రెవ్వరికిని జంకలేదు. వారు తలవంచినది యుక్తికిని అనుభవమునకును మాత్రమే. కావుననే డెబ్బదియేండ్ల ముదిమిలో, 1919లో, గిడుగు రామమూర్తి పంతులుగారితో గూడి వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షత వహింపగలిగిరి. కీర్తినిచ్చిన పాండిత్యమార్గమునకు దూరముగా, అంత వయస్సున, అట్లు నిలిచి చెప్పుట సామాన్యమా? ఆ సంవత్సరమే మే నెల 27వ తేదీన చెన్నపట్టణమున వారు పరమపదించిరి.

వాన వెనుకబడిన సేద్యగాడు విత్తుకాలమును మార్చును. కాలువనీరు తగ్గిన పైరును మార్చును. వానిని చపలుడని యెవ్వరు నందురు? అట్టి వివేకము పొలముగట్టున నిలిచిపోయి ఇంటిగడప దాటిరాకుండుటయే మన లోపము. కుమార్తె చదువు, కుమారుని వృత్తి, పాలివాండ్ర తగవు, వీటిలో మాటకు మాట తెగకమునుపే, ఎదుటివాని పలుకున నిజమున్నచో నేనొప్పుకొందునా యని ప్రతివాడును తన్ను తా నడుగుకొనవలయును. ఒప్పుకొనుటకు మనస్సు సిద్ధముగా లేనిచో అది విచారణ కాదు, పంతము. పంతముచే గెలిచిన తగవులు కుటుంబములను చీల్చుటయే గాని నిలుపుట మేమెఱుగము.