పిట్టగోడ కట్టిన వైద్యుడు: సర్ రోనాల్డ్ రాస్ గారి జీవితము

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము, నెహెమ్యా 3వ అధ్యాయము



మోషే ధర్మశాస్త్రములో ఇంటి మిద్దెను గూర్చిన ఒక చిన్న ఆజ్ఞ యున్నది. క్రొత్తగా ఇల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ లేపవలెను. లేపక విడిచిపెట్టగా ఎవరైన జారిపడి చనిపోయినచో, ఆ దోషము ఇంటి యజమానునిదే. పడినవానికి కట్టు కట్టుట మంచి సమరయుని పని, అది గొప్ప పని. అయితే పడకమునుపే గోడ కట్టుట కూడ దేవుడు కోరిన పనియే. మొదటిదానిని వైద్యమందుము. రెండవదానిని ఈ కాలమున ప్రజారోగ్యమందురు. మన తెలంగాణ గడ్డమీదనే అట్టి గోడకు పునాదిరాయి వేసిన ఒక వైద్యుని జీవితమును ఈ నెల తెలిసికొందము.

రోనాల్డ్ రాస్ గారు 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించిరి. అప్పటికి మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలై మూడు దినములే. తండ్రి ఆంగ్లేయుల సైన్యములో అధికారి. పదిమంది పిల్లలలో రాస్ గారు పెద్దవారు. ఎనిమిదవ యేట ఆయనను చదువు నిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. ఆయనకు చిత్రలేఖనము, సంగీతము, పద్యరచన, గణితము ఇష్టము. తండ్రికైతే కుమారుడు వైద్యుడు కావలెనని పట్టుదల. కాబట్టి లండనులో అపొస్తలుడైన బర్తొలొమయి పేర వెలసిన పాత ఆసుపత్రిలో వైద్యవిద్యకు చేరిరి. మనసు చదువుమీద అంతగా నిలువలేదు. 1879లో ఒక పరీక్ష గెలిచి మరియొకటి తప్పిరి. కొంతకాలము ఓడలో వైద్యునిగా పని చేసి, ఆ పరీక్షను కూడ గెలిచి, 1881లో ఇండియా సైన్యపు వైద్యశాఖలో ప్రవేశించిరి. ఆయన మిషనెరీ కారు. జీతమునకు పని చేసిన ఉద్యోగియే.

1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు ఆయన బసలో దోమలు విపరీతముగా నుండెను. కిటికీ దగ్గరనున్న నీళ్ల తొట్టిలో దోమపిల్లలు కదలాడుట చూచి, ఆ తొట్టిని బోర్లించిరి. దోమలు తగ్గిపోయెను. తక్కిన తొట్లను గోలెములను కూడ అట్లే చేయింపుడని పై అధికారికి చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. దోమకు జ్వరమునకు సంబంధమున్నదని అప్పటికి రాస్ గారికి కూడ తెలియదు. అయినను తరువాత ఆయన చేసిన పనియంతయు ఆ ఒక్క తొట్టిలో విత్తనమువలె దాగియుండెను.

1888లో సెలవుమీద స్వదేశమునకు వెళ్లినప్పుడు, ముప్పదియేండ్లు దాటిన వయస్సులో, ఆయన తిరిగి విద్యార్థి యైరి. ప్రజారోగ్యములో డిప్లొమా అను పై చదువు చదివి పట్టా పొందిరి. ఆ దినములలో అది చాల క్రొత్త చదువు. సూక్ష్మజీవుల శాస్త్రమును కూడ అభ్యసించిరి. 1889లో వివాహము చేసికొని ఇండియాకు తిరిగి వచ్చిరి. మామూలు వైద్యుడు మంచముమీది రోగిని చూచును. ఈ పై చదువు చదివినవాడు ఊరంతటిని ఒక రోగివలె చూడ నేర్చుకొనును. త్రాగు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? మురుగు ఎక్కడికి పోవుచున్నది? ఏ వాడలో ఎంతమంది జబ్బుపడిరి, ఎంతమంది చనిపోయిరి? ఉన్న డబ్బును ఏ పనిమీద ఖర్చు పెట్టినచో ఎక్కువ ప్రాణములు నిలుచును? లెక్కించుట, విచారించుట, ఏర్పాటు చేయుట అను ఈ మూడును ఆ చదువులోని పాఠములు.

ఆ కాలమున చలిజ్వరము చెడుగాలి వలన వచ్చునని లోకమంతయు నమ్మెను. మలేరియా అను మాటకు ఇటలీ దేశపు భాషలో చెడుగాలి అనియే అర్థము. 1880లో అల్జీరియా దేశమందు లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తములో ఈ జ్వరపు క్రిమిని చూచెను. అయితే అది ఒకని రక్తమునుండి మరియొకని రక్తములోనికి ఎట్లు చేరుచున్నదో ఎవరికిని తెలియలేదు. 1894లో రాస్ గారు లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుని కలిసికొనిరి. బోదకాలు క్రిమి దోమలో పెరుగునని అంతకుముందే కనిపెట్టినవాడు ఆయనయే. మలేరియా క్రిమి సంగతి కూడ దోమలో వెదకవలెనని ఆయన రాస్ గారికి బోధించెను. 1895లో రాస్ గారు సికింద్రాబాదు సైన్యములో పనికి వచ్చిరి.

రెండు సంవత్సరములు దోమలను కోసి కోసి చూచిరి. ఏమియు దొరకలేదు. ఆయన చూచినవి వేరు జాతి దోమలు, ఈ జ్వరమును మోయనివి. నడుమ కలరా నివారణ కొరకు ప్రభుత్వము ఆయనను బెంగుళూరునకు పంపెను. 1897లో ఊటీ దగ్గర సిగూరు కనుమలో ఆయనకే మలేరియా తగిలెను. తిరిగి సికింద్రాబాదు చేరి, బేగంపేటలోని ఆసుపత్రిలో పని మొదలుపెట్టిరి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. పంకా లాగించినచో దోమలు ఎగిరిపోవునని ఆ ఉక్కలోనే కూర్చుండిరి. అప్పుడు రెక్కలమీద మచ్చలుగల క్రొత్త రకము దోమలు ఆయనకు దొరికెను. ఆగస్టు 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని ఆ దోమలచేత కరిపించి, దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చిరి. నాలుగు దినములైన తరువాత, ఆగస్టు 20వ తేదీన, మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని కోయగా, దాని కడుపు గోడలో మలేరియా క్రిమికి గుర్తైన నల్లని రేణువులుగల కణములు కనబడెను. మరునాడు ఇంకొక దోమలో అవి మరింత పెద్దవై కనబడెను. ఆ సమయమున రాస్ గారు దేవుని స్మరించి పద్యములు వ్రాసిరి.

అంతలో ప్రభుత్వము ఆయనను మలేరియా అరుదైన రాజపుతానాకు బదిలీ చేసెను. మాన్సన్ గారి ప్రయత్నము వలన 1898లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి దొరకెను. అక్కడ పక్షులకు వచ్చు మలేరియాను తీసికొని, క్రిమి దోమ కడుపులో పెరిగి, దాని లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరియొక పక్షిలో ప్రవేశించునని జూలైలో రుజువు చేసిరి. మనుష్యుల మలేరియా విషయములో ఈ వరుసయంతయు అదే సంవత్సరాంతమున ఇటలీ శాస్త్రజ్ఞులు రుజువు పరచిరి. 1902లో రాస్ గారికి నోబెల్ బహుమానము వచ్చెను.

ప్రియులారా, అనేకులు ఈ కథను ఇక్కడ ఆపుదురు. రాస్ గారు ఆపలేదు. కారణము తెలిసినంత మాత్రమున జ్వరము తగ్గదు గదా! 1899లో సైన్యపు ఉద్యోగము విడిచి లివర్‌పూలులో ఉష్ణదేశ వైద్యము బోధించు పాఠశాలలో చేరి, ఆ యేడే పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనునకు వెళ్లిరి. ఫ్రీటౌను పట్టణపు వీధి గుంటలలో ఆ జాతి దోమలు పుట్టుచున్నట్లు కనుగొనిరి. 1901లో మరల వెళ్లి, గుంటలు పూడ్చుటకును, పాత డబ్బాలు ఏరివేయుటకును కూలివారిని దండుగా ఏర్పరచిరి. డబ్బును శ్రద్ధయు ఉన్నంతకాలము దోమలు తగ్గెను, అవి ఆగగానే తిరిగి వచ్చెను. 1902లో సూయెజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియా పట్టణమునకు ఆయనను పిలిచిరి. అక్కడ కాలువ కంపెనీ ఏటేటా డబ్బు కేటాయించి, పనివారిని మానక పంపెను. కొద్ది సంవత్సరములలో ఆ ఊరు మలేరియానుండి విడుదల పొందెను. లాహోరు దగ్గర మియాన్ మీర్ సైనికవాసములో మాత్రము ఇట్టి ప్రయత్నము విఫలమాయెను. పని చాలినంతగా జరుగలేదని రాస్ గారును, ఈ పద్ధతి ఇక్కడ కుదరదని ఇతరులును చాలకాలము వాదించుకొనిరి.

ఈ గెలుపు ఓటములనుండి ఆయన నేర్చుకొన్నది 1910లో మలేరియా నివారణపై ప్రకటించిన పెద్ద గ్రంథములో ఉన్నది. చిన్ననాడు ప్రేమించిన గణితము అప్పుడు అక్కరకు వచ్చెను. ఒక ఊరిలో జ్వరము ఆరిపోవుటకు చిట్టచివరి దోమను కూడ చంపనక్కరలేదు, ఒక పరిమితికి దిగువకు తగ్గించిన చాలునని ఆయన లెక్కకట్టి చూపిరి. మన గుడిసెల వాడలో నిప్పు అంటుకొన్నదనుకొనుడి. గుడిసెకు గుడిసెకు ఎడము చాలినంత ఉన్నచో నిప్పురవ్వ తదుపరి గుడిసెను చేరక చల్లారును. ఒక రోగినుండి మరియొక రోగికైనను జ్వరము చేరని స్థితికి తెచ్చినచో అది తనంతట తానే చల్లారును. ఈ లెక్క నేటికిని ప్రపంచమందంతట అంటురోగముల పరిశోధనకు ఆధారముగా నున్నది.

రాస్ గారు లోపములు లేనివారు కారు. కనిపెట్టిన ఘనత ఎవరిదని ఇటలీ శాస్త్రజ్ఞుడైన గ్రాస్సీతో సంవత్సరముల తరబడి కలహించిరి. లోకము తనకు చేసిన మేలుకంటె చేయని మేలునే ఎక్కువగా తలంచిరి. మరియొక సంగతి. ఆయన పేరు పుస్తకములలో పెద్ద అక్షరములతో నున్నది. కొన్ని అణాల కొరకు తన దేహమును దోమలకు అప్పగించిన హుస్సేన్ ఖాన్ పేరు ఎంతమంది యెరుగుదురు? విధవరాలి రెండు కాసులను చూచిన ప్రభువు ఆ పేదవాని రక్తమును కూడ చూచియుండును. 1926లో లండనులో రాస్ గారి పేర ఒక పరిశోధనాలయము స్థాపింపబడెను. అక్కడనే 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన మరణించిరి. ఆయన పని చేసిన బేగంపేట భవనము నేటికిని ఆయన జ్ఞాపకార్థము నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా ఆచరించుచున్నారు.

ఇక మన సంగతి. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశములో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము మలేరియా నిరోధక కార్యక్రమము ప్రారంభించి, ఇండ్లలో మందు చల్లించెను. 1965 నాటికి కేసులు లక్షకు దిగెను. పని అయిపోయినదని శ్రద్ధ సడలెను, మందునకు దోమలు లొంగకపోయెను. 1976లో కేసులు అరువదినాలుగు లక్షలకు ఎగబ్రాకెను. పిట్టగోడ కట్టుట ఒకనాటి పని కాదు, దానిని నిలుపుకొనుట ప్రతి తరము పని.

మన మహదేవపూర్ ప్రాంతము గోదావరి ఒడ్డున అడవులనడుమ నున్నది. కాళేశ్వరమువద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియుచున్నది. వాగులు, కుంటలు, పొలముల మళ్లు దేవుడిచ్చిన దీవెనలే. అయితే వానలు వెలిసిన తరువాత నిలిచిన తేటనీటిలోనే ఆ మచ్చల రెక్కల దోమ గ్రుడ్లు పెట్టును. చలిజ్వరముతో వణికి వణికి, కడుపులో బల్ల పెరిగి బాధపడినవారిని మన పెద్దలెరుగుదురు. జ్వరము వచ్చినప్పుడు కొందరు గాలి సోకినదందురు, కొందరు కర్మ అందురు. మన సంఘములలో కొందరు ప్రార్థన ఉండగా రక్తపరీక్ష ఎందుకు, అది అవిశ్వాసము కాదా అని అడుగుదురు. హిజ్కియా రాజునకు స్వస్థత కలుగునని దేవుని మాట తెచ్చిన యెషయాయే, ఆ పుండుమీద అంజూరపు ముద్ద వేయుమని చెప్పెను. వాగ్దానము, మందు ఒక్క ప్రవక్త నోటనే వచ్చెను. కాబట్టి ప్రార్థించుడి, ఆ దినముననే ఆశా కార్యకర్తకు చెప్పి రక్తము పరీక్ష చేయించుకొనుడి. మలేరియా అని తేలినచో, జ్వరము తగ్గినదని మందు నడుమ ఆపక చెప్పినన్ని దినములు మ్రింగుడి. మిగిలిపోయిన క్రిమి మీ ఇంటి దోమకు, ఆ దోమనుండి మీ పొరుగువాని బిడ్డకు చేరును.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించినప్పుడు అనేకులు ఎవరి ఇంటికి ఎదురుగా వారు కట్టిరి. గ్రుడ్డునుండి దోమ లేచుటకు వారము పది దినములు పట్టును. వారమునకొక దినము గోలెములు, తొట్లు, పాత టైర్లు బోర్లించి ఆరబెట్టినచో మన ఇంటి దోమ రెక్కలు రాకముందే నశించును. రాత్రి దోమతెర కట్టుకొనుడి. దేవాలయపు ఆవరణమునుండియే ఈ పని మొదలు కావలెను. ప్రసంగపీఠము శుభ్రముగా నుండి బావి ప్రక్క గుంటలో దోమలు పెరుగుట మనకు తగదు.

తలిదండ్రులకు ఒక మాట. మన బిడ్డలు డాక్టర్లు, నర్సులు కావలెనని మనము ప్రార్థించుచున్నాము. మంచిదే. అయితే డిగ్రీ చదివిన యువతీయువకులకు ప్రజారోగ్యములో పై చదువు కూడ కలదు. హైదరాబాదులో 2008లో ప్రారంభమైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వంటి విద్యాలయములలో దానిని నేర్పుదురు. ఏ పల్లెలో ఏ జబ్బు ఎందుకు వచ్చుచున్నదో పరిశోధించుట, ప్రభుత్వపు డబ్బును చివరి ఇంటివరకు చేర్చుట ఆ చదువు పని. కరువు రాకమునుపే ధాన్యము లెక్కకట్టి కొట్లలో నిలువచేయించిన యోసేపు పని అట్టిదే. అతడు ఒక్క రోగికైనను మందు ఇయ్యలేదు, కాని జనులనేకులను బ్రదికించెను. గోదావరి ఒడ్డు పల్లెలనెరిగిన మన బిడ్డ ఒకరు ఆ చదువు చదివి తిరిగి వచ్చినచో ఎంత మేలు!

ప్రార్థన: పరలోకపు తండ్రీ, దాగియున్నవాటిని వెదకుటకు మనుష్యులకు జ్ఞానమిచ్చిన నీకు స్తోత్రము. జ్వరముతో మంచము పట్టినవారిని ముట్టి లేవనెత్తుము. మా పొరుగువారి ప్రాణము విషయమై మేము లెక్క అప్పగింపవలెనని మాకు జ్ఞాపకము చేయుము. ఎవరి ఇంటికి ఎదురుగా వారము గోడ కట్టుటకు బలము దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.