విధి నిర్వహణలో అమరుడు – చదలవాడ ఉమేశ్‌చంద్ర

దేశ సరిహద్దులలో శత్రువును ఎదిరించి నేలకొరిగిన సైనికుని త్యాగాన్ని లోకం వెంటనే గుర్తిస్తుంది. ఊరి నడుమ, వీధి మలుపులలో, జనసమ్మర్దం మధ్య శాంతిని కాపాడుతూ ప్రాణాలు విడిచే పోలీసు ఉద్యోగి త్యాగం అంత సులభంగా స్మృతిపథంలో నిలువదు. అట్టివారిని స్మరించుటకే ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం పాటిస్తున్నారు. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పులలో పదిమంది భారత పోలీసులు వీరమరణం పొందారు. ఆ దినానికి మూలం అదియే. తెలుగునాట ఆ వీరుల పరంపరలో చిరస్మరణీయుడు చదలవాడ ఉమేశ్‌చంద్ర.

ఉమేశ్‌చంద్ర 1966 మార్చి 19న గుంటూరు జిల్లా అమృతలూరు మండలంలోని పెదపూడి గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు బాపట్ల జిల్లాలో ఉన్నది. ఆయన విద్యాభ్యాసం హైదరాబాదు పబ్లిక్ స్కూలులోను, నిజాం కళాశాలలోను సాగింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. న్యాయవాద వృత్తిలో సుఖంగా స్థిరపడే అవకాశం ఉన్నప్పటికీ, ఆయన మనసు పోలీసు శాఖ వైపు మొగ్గింది. 1991లో ఇండియన్ పోలీస్ సర్వీసుకు ఎంపికయ్యారు.

ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలోనే వరంగల్, పులివెందుల వంటి క్లిష్టమైన ప్రాంతాలలో పనిచేయవలసి వచ్చింది. అటు తరువాత కడప జిల్లా పోలీసు సూపరింటెండెంటు బాధ్యతను స్వీకరించారు. ఆనాటి రాయలసీమ పల్లెలను ముఠాకక్షలు పట్టి పీడిస్తుండేవి. పొలంగట్టు తగాదాయో, గ్రామ పెత్తనమో ఏదో ఒక చిన్న కారణంతో రగిలిన పగ తండ్రి నుండి కొడుక్కు వారసత్వంగా సంక్రమించేది. నాటుబాంబుల మోతలతో ఊళ్ళు దద్దరిల్లేవి. సాక్ష్యం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. భర్తలను కోల్పోయిన ఇల్లాండ్రు, చదువుకు దూరమైన పసివారు ఆ పగలకు మూల్యం చెల్లించేవారు. అటువంటి చోట చట్టమనేది ఒకటి ఉన్నదని, అది బలవంతునికీ బలహీనునికీ సమానమేనని చాటి చూపడం సామాన్యమైన పని కాదు. ఉమేశ్‌చంద్ర ఆ పనికి వెనుదీయలేదు. జనం ఆయనను కడప పులి అని అభిమానంగా పిలుచుకున్నారు.

అనంతరం ఆయన కరీంనగర్ జిల్లా పోలీసు అధికారిగా వెళ్ళారు. 1978 నాటి జగిత్యాల రైతుకూలీ ఉద్యమం మొదలుకొని ఆ జిల్లా నక్సలైటు పోరాటానికి కేంద్రంగా ఉండేది. దారుల వెంట మందుపాతరలు, రాత్రివేళల దాడులు, ఎదురుకాల్పులు నిత్యకృత్యములు. ఉభయ పక్షాలలోను ఎందరో యువకులు అసువులు బాశారు. నాటి పోలీసు చర్యలను పౌరహక్కుల సంఘాలు తీవ్రంగా విమర్శించిన మాట కూడా చరిత్రలో ఉన్నది. ఇరువైపులా తెలుగుతల్లి బిడ్డలే రాలిపోయిన కాలమది. పోలీసు శాఖలో గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో తీర్చిదిద్దిన కె. ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్ల తూటాలకు బలియైనారు. అట్టి అపాయం తనకూ పొంచియున్నదని తెలిసియే ఉమేశ్‌చంద్ర ఆ జిల్లాలో బాధ్యతలు నిర్వహించారు.

పిమ్మట ఆయన హైదరాబాదులోని పోలీసు ప్రధాన కార్యాలయంలో సహాయ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితులైనారు. 1999 సెప్టెంబరు 4వ తేదీ ఉదయం ఆయన కారులో ప్రయాణిస్తుండగా సంజీవరెడ్డినగర్ కూడలిలో కూత దీపాల వద్ద వాహనం ఆగింది. పీపుల్స్‌వార్ దళ సభ్యులు ఒక్కసారిగా కాల్పులు జరిపారు. డ్రైవరు, అంగరక్షకుడు ప్రాణాలు కోల్పోయారు. ఉమేశ్‌చంద్ర కారు దిగి దుండగులను వెంటాడారు. ఆయన చేతిలో ఆయుధం లేదు. ఆ సంగతి గ్రహించిన దుండగులు వెనుదిరిగి ఆయనను కాల్చివేశారు. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరాలు. ఉద్యోగంలో చేరి ఎనిమిదేండ్లే గడిచాయి. మరునాడు ఉపాధ్యాయ దినోత్సవం. పాఠశాలలు పండుగ చేసుకొనవలసిన ఆ వేళ తెలుగునాడు విషాదంలో మునిగింది.

ఆయన నేలకొరిగిన ఆ కూడలిలోనే నేడు ఆయన విగ్రహం నిలిచియున్నది. అయితే ఆనాడు ఆయనతోపాటు అసువులు బాసిన ఇద్దరు సామాన్యోద్యోగుల పేర్లు ఎందరికి జ్ఞాపకమున్నవి? అధికారికి విగ్రహం లభిస్తుంది. కానిస్టేబులు ఇంట గోడకు వేలాడే పటం మాత్రమే మిగులుతుంది. కన్నతల్లి కడుపుకోత మాత్రం రెండిళ్ళలోనూ ఒక్కటే. 2018 అక్టోబరు 21న న్యూఢిల్లీ చాణక్యపురిలో జాతికి అంకితమైన జాతీయ పోలీసు స్మారకంలో హోదాల తారతమ్యం లేకుండా అమరుల పేర్లు చెక్కబడినవి. అది ఎంతో సముచితమైన గౌరవం.

వాషర్‌మెన్‌పేట్ వీధులలో పిల్లలు నిర్భయంగా బడికి వచ్చి, క్షేమంగా ఇంటికి చేరుతున్నారంటే, ఎండనక వాననక కూడళ్ళలో నిలబడే పోలీసుల శ్రమ అందులో ఇమిడియున్నది. తల్లిదండ్రులు అల్లరి చేసే బిడ్డకు పోలీసును బూచిగా చూపక, ఆపదలో ఆదుకొనే ఆత్మబంధువుగా పరిచయం చేయవలెను. రహదారి నియమాన్ని పాటించడం, చూచిన నిజాన్ని నిర్భయంగా చెప్పడం, పగను పెంచక మాటతో తీర్చుకోవడం బాల్యం నుండే అలవడవలెను. కడపలోనైనా, కరీంనగరంలోనైనా ఆ గుణాలు లోపించినందువల్లనే ఎన్నో నిండు ప్రాణాలు బలియైనవి. విద్యార్థులు వాటిని అలవరచుకొన్ననాడే ఉమేశ్‌చంద్రకు, ఆయనతో ఒరిగిన సహచరులకు నిజమైన నివాళి సమర్పించినట్లగును.