డాక్టర్ ఐడా స్కడర్

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచిన వేలూరులో పెద్దాసుపత్రికి దారి అడిగితే చూపనివారుండరు. దానిని స్థాపించిన ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించింది. తాత, తండ్రి ఇద్దరూ అమెరికా మిషనరీ వైద్యులు. ఐడాకు మాత్రం ఆ వృత్తి ఇష్టం లేదు. అమెరికాలోనే స్థిరపడాలనుకున్నది.

తల్లికి జబ్బు చేయగా ఆమె తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను కాపాడమని వేడుకున్నారు. తనకు వైద్యం రాదనీ, తండ్రిని తీసుకువెళ్లమనీ ఆమె చెప్పింది. పరపురుషుడు తమ ఇంటి స్త్రీని తాకరాదని ముగ్గురూ మరలిపోయారు. తెల్లవారేసరికి ఆ స్త్రీలు ముగ్గురూ మరణించారు. ఐడా వైద్యం చదవాలని నిశ్చయించుకున్నది.

1899లో అమెరికాలోని కార్నెల్ కళాశాలలో పట్టా పొంది, 1900లో వేలూరు చేరింది. షెల్ అనే న్యూయార్కు ధనికుడు భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి వెలసింది. ఆసుపత్రి కట్టినంతమాత్రాన పల్లెలలోని రోగులందరూ రాగలరా? అందుకే ఆమె గుడియాత్తం దారి పట్టింది. 1909లో ఒక చిన్న మోటారుకారు కూడా చేతికి వచ్చింది. దారిలో చెట్ల నీడన ఆగి పుండ్లు కడిగేది, కళ్లలో మందు వేసేది.

1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించింది. ఆమె పనులన్నిటిలో ఇదే గొప్పదనవచ్చు. 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూసింది.

పెద్దాసుపత్రి వేరేచోటికి మారిన తరువాత తొలి షెల్ ఆసుపత్రి కంటి వైద్యానికి నెలవైంది. కంటి జబ్బులలో నీటికాసులు దొంగవంటిది. కంటిలో ఊరే నీరు సరిగా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. నీరు పోయే కోణం తెరిచి ఉండే రకం ఒకటి, మూసుకుపోయే రకం మరొకటి. వేలూరు పట్టణంలో 30 నుండి 60 ఏళ్లవారిని అక్కడి వైద్యులు పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. వెయ్యిమందిలో సుమారు 43 మందికి మూసుకుపోయే రకం, నలుగురికి తెరిచి ఉండే రకం కనిపించాయి. చాలామందికి నొప్పి ఉండదు కనుక జబ్బు ఉన్నట్లే తెలియదు. కోణాన్ని అద్దంతో చూసి ఏ రకమో తేల్చిన తరువాతే చికిత్స. మూసుకుపోయే రకానికి కనుపాప చుట్టూ ఉన్న రంగు పొరలో లేజరుతో సన్నని రంధ్రం చేస్తారు. తెరిచి ఉండే రకానికి సాధారణంగా రోజూ చుక్కల మందు వేసుకోవాలి. అది చాలకపోతే శస్త్రచికిత్స చేస్తారు.