వెర్నర్ రైఖార్టు

ఇంటిలో వ్రాలిన యీగను చేతితో పట్టవలెనని ప్రయత్నింపని బాలుడుండడు. చేయి చేరకముందే అది యెగిరిపోవును. ఆవగింజంతైనను లేని మెదడుతో అది కదలిక నెట్లు కనిపెట్టుచున్నది? ఈ ప్రశ్నకు గణితముతో సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యుడు జర్మను శాస్త్రజ్ఞుడగు వెర్నర్ రైఖార్టు.

ఆయన 1924వ సంవత్సరము జనవరి 30వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. రేడియో పనిలో నేర్పరి. 1941లో, పదునేడేండ్ల ప్రాయముననే, వైమానికదళపు సాంకేతికశాఖలో చేరవలసి వచ్చెను. అక్కడ హిట్లరు పాలనను గర్హించు కొందరితో కలిసి, పాశ్చాత్యరాజ్యములతో రహస్యముగా రేడియో సంబంధమును నెలకొల్పుటకు పూనుకొనెను. తెలిసినచో ప్రాణము దక్కదు. 1944లో గెస్టాపో యను రహస్య పోలీసులు ఆయనను నిర్బంధించిరి. మరణదండన విధింపబడెను. అప్పటి కాయన వయస్సు ఇరువది యేండ్లు! యుద్ధపు చివరి దినముల కల్లోలములో చెర తప్పించుకొని, యుద్ధము ముగియువరకు బెర్లినులోనే దాగియుండి బ్రతికి బయటపడెను.

అంతకు ముందే, 1943లో, ఆయనకు సైన్యమున బెర్న్‌హార్డు హాసెన్‌స్టైను అను యువకునితో స్నేహము కలిగెను. అతనికి జీవశాస్త్రముపై మక్కువ; రైఖార్టునకు భౌతికశాస్త్రముపై. బ్రతికియున్నచో తమ రెండు శాస్త్రములను కలుపు పరిశోధనాలయమును స్థాపింపవలెనని మిత్రులు నిశ్చయించుకొనిరి. నగరములు నేలమట్టమగుచున్న ఆ రోజులలో ఇట్టి సంకల్పము వినువారికి నవ్వు పుట్టించియుండును.

యుద్ధానంతరము రైఖార్టు బెర్లినులో భౌతికశాస్త్రము చదివి 1952లో డాక్టరు పట్టమును పొందెను. అమెరికాలో మాక్స్ డెల్‌బ్రూకు నొద్ద కొంతకాలము పనిచేసెను.

మిత్రుల పరిశోధనకు ఉపయోగపడినది క్లోరోఫానసు అను ఆకుపచ్చని చిన్న పెంకుపురుగు. దానిని వీపువైపున కదలకుండ బిగించి, కాళ్ళకు మిక్కిలి తేలికైన పుల్లలతో కూర్చిన గోళము నందించిరి. పురుగు నడువగా, అది ముందుకు సాగదు. గోళమే దాని కాళ్ళక్రింద తిరుగును. పుల్లలు కలియుచోట దారి రెండుగా చీలును. ప్రతి చీలికయొద్దను పురుగు కుడియో యెడమయో ఎన్నుకొనవలెను. చుట్టునున్న చారల గోడను త్రిప్పినచో పురుగు ఆ దిశకే మరలుచుండెను. అది ఎన్నిమారులు ఎటు తిరిగెనో లెక్కించుటయే వారి పని. ఎంతటి ఓర్పు కావలెనో ఊహింపుడు.

కీటకముల కన్ను పెక్కు చిన్నకన్నుల కూర్పు. ఒక చిన్నకంటియొద్ద వెలుగు పెరిగి, వెనువెంటనే ప్రక్కకంటియొద్దను పెరిగినచో పురుగు ఆ దిశకు తిరిగెను. రెండింటను వరుసగా తగ్గినను అట్లే. కాని ఒకచోట పెరిగి రెండవచోట తగ్గినచో, ఎదురుదిశకు తిరిగెను! ఋణమును ఋణముతో గుణించిన ధనము. ధనమును ఋణముతో గుణించిన ఋణము. బీజగణితమున బాలురు నేర్చు నియమమునే పురుగు పాటించుచున్నది. కావున ఒక కంటి సందేశము కొంచెము ఆలస్యముగా వచ్చి, ప్రక్కకంటి సందేశముతో గుణింపబడుచున్నదని వారు నిర్ణయించిరి. రైఖార్టు దీనికి గణితరూపమును కల్పించెను. 1956లో ఈ సిద్ధాంతము ప్రకటింపబడెను.

1958లో ట్యూబింగెను నగరమున మిత్రుల సంకల్పము ఫలించెను. హాన్స్ వెంకింగు అను ఎలక్ట్రానిక్సు నిపుణునితో కలిసి వారు సైబర్నెటిక్సు పరిశోధనాబృందమును నెలకొల్పిరి. తరువాత హాసెన్‌స్టైను ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమునకు వెడలెను. రైఖార్టు అచటనే నిలిచెను. ఆ బృందమే 1968లో మాక్స్ ప్లాంకు సంస్థలలో ఒకటిగా పెరిగెను. పెంకుపురుగు స్థానమును ఇంటి యీగ యాక్రమించెను. కదలకుండ కట్టివేసిన యీగ ఎగురబోవునపుడు ఎంత బలముతో ఎటు తిరుగ జూచునో సున్నితమైన పరికరముతో కొలిచిరి. ఈ పనిలో టొమాసో పోజియో అను ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆయనకు తోడ్పడెను.

రైఖార్టు 1992 సెప్టెంబరు 18వ తేదీన పరమపదించెను. ముప్పదియేండ్లకు, 2022లో, పండ్లయీగ మెదడులో ఒక నాడీకణము ఈ గుణకారమును ఎట్లు చేయుచున్నదో జర్మను పరిశోధకులు వెల్లడించిరి.