ఆయుధశిల్పి జాన్ బ్రౌనింగు

ఎన్.సి.సి. శిబిరమునకు పోయివచ్చిన విద్యార్థి యొకడు తరగతిలో నన్ను రెండు ప్రశ్నలడిగెను. కథలు చదువుకొను పత్రికకును, తుపాకిలో తూటాలు నింపు రేకుపెట్టెకును మ్యాగజైను అను ఒకే పేరు ఎట్లు వచ్చినదని మొదటి ప్రశ్న. తెలుగు చెప్పువాడను గనుక దీనికి జవాబు సులభముగనే దొరకినది. అరబ్బీలో మఖ్‌జన్ అనగా కొట్టు, భాండాగారము. మన ఖజానాయు ఆ ధాతువునుండి పుట్టినదే. ఐరోపా సైనికులు మందుగుండు కొట్టునకు ఆ పేరు వాడిరి. పిదప తుపాకిలోని తూటాల అరకు అది సంక్రమించినది. 1731లో లండను నగరమున ఎడ్వర్డు కేవ్ అనునతడు, నానావిధ రచనలకు నిలయమను భావముతో, తన పత్రికకు అదే పేరు పెట్టెను. నాటినుండి అది సాహిత్యమునకును చెల్లినది.

రెండవ ప్రశ్న కఠినమైనది. పిస్తోలు చేసిన కంపెనీవారి పెట్టె పాడైనచో, వేరొకరు చేసి అమ్ము పెట్టెను నమ్మవచ్చునా, నమ్మదగినదానిని గుర్తించుట యెట్లు అని అతడడిగెను. దీనికి జవాబు నిఘంటువులో లేదు. ఆ జవాబు జాన్ మోజెస్ బ్రౌనింగు జీవితములో కలదు.

బ్రౌనింగు 1855 జనవరి 23వ తేదీన అమెరికాలోని యూటా సీమలో ఆగ్డెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి జోనాథన్ బ్రౌనింగు మార్మను మతస్థుడు. స్వమతస్థులతోపాటు పడమటికి వలసవచ్చి ఆ ఊర తుపాకుల దుకాణము పెట్టుకొనెను. సంసారము పెద్దది, సంతానము ఇరువదిమందికి మించినది. దుకాణపు మూలలో విరిగిన గొట్టములు, తుప్పుపట్టిన మీటలు, పనికిరాని స్ప్రింగులు కుప్పగా పడియుండెడివి. బాలునకు ఆటవస్తువులవే, పాఠ్యపుస్తకములవే.

పదేండ్ల ప్రాయమున తండ్రి ఇంటలేని సమయము చూచి, ఆ కుప్పలోని పాత గొట్టమొకటి తీసి, కఱ్ఱముక్కకు తీగెతో బిగించి, తమ్ముడు మ్యాట్ సాయముతో తుపాకి యొకటి చేసెను. దానితో అడవికోళ్లనుగూడ కొట్టి తెచ్చెను. తండ్రి మెచ్చుకొనునని ఆశించిన బాలునకు మెప్పు దొరకలేదు. పదకొండవయేడు వచ్చుచున్నవాడు ఇంతకంటె మేలైన తుపాకి చేయలేడా యని తండ్రి నెమ్మదిగా అడిగెను. బాలుడు మారుమాటాడక తీగె విప్పి, తుపాకిని మరల కుప్పలో పడవేసెను. పేలినంత మాత్రమున పని పూర్తికాలేదని అతడు నేర్చిన తొలిపాఠమది.

రెండవపాఠము దుకాణమే నేర్పినది. మరమ్మతుకు వచ్చు ప్రతి తుపాకియు ఎవరో ఒక పేరుపొందిన కంపెనీవారు చేసినదే. అది ఎచ్చట విరిగినది, ఏ భాగము అరిగినది, దుమ్ము ఎచ్చట చేరినది అని చూచి చూచి, యంత్రము ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు ముందే ఎట్లు చెడునో అతడు తెలిసికొనెను. తండ్రి 1879లో మరణించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 7వ తేదీన బ్రౌనింగునకు మొదటి పేటెంటు లభించెను. అది ఒక్కొక్క తూటా నింపి కాల్చు రైఫిలుకు సంబంధించినది. సోదరులతో కలసి ఆగ్డెనులోనే చిన్న కర్మాగారము నడపుచుండగా, 1883లో వించెస్టరు కంపెనీనుండి బెన్నెట్ అను అధికారి అంతదూరము వచ్చి, ఎనిమిదివేల డాలర్లకు ఆ రైఫిలు హక్కులు కొనిపోయెను. తరువాత పందొమ్మిదేండ్లపాటు బ్రౌనింగు కల్పించిన నమూనాలు పలువురు వేటగాండ్ర చేతులలో వించెస్టరు పేరుతోనే మెలగినవి. కల్పించినవాని పేరు చాలమందికి తెలియదు.

1889 ప్రాంతమున ఒకనాడు మైదానములో తుపాకులు కాల్చుచుండగా, గొట్టపు మూతినుండి వెడలు వాయువేగమునకు ఎదుటి గడ్డి వంగుట అతని కంటబడెను. ఆ గడ్డి ఎల్లరకు కనిపించునదే. వృథాగా పోవు ఆ బలముతోనే తుపాకి తన్ను తాను మరల నింపుకొనరాదా యని అతనికి తోచినది. ఆ యోచననుండి 1895లో కోల్టు కంపెనీవారి మరతుపాకి వెలువడినది. పేలుడు బలముచే తనంతట తూటా నింపుకొను పిస్తోళ్లవైపునకు అతని దృష్టి ఆ మార్గముననే మరలినది. 1897లో బెల్జియము దేశపు ఎఫ్.ఎన్. కర్మాగారముతో ఒడంబడిక కుదిరెను. అచ్చట తయారైన పిస్తోలు ఐరోపాయందు ఎంత వ్యాపించెననగా, కొన్ని భాషలలో బ్రౌనింగు అను మాటకే పిస్తోలు అను అర్థము వచ్చినది.

ఇచ్చట విద్యార్థులు యంత్రమును కొంచెము గమనింపవలయును. ఈజాతి పిస్తోలులో మీట నొక్కిన ప్రతిసారి ఒక తూటా పేలును. ఆ బలమునకు పైనున్న స్లైడు అను ఉక్కుభాగము వెనుకకు పోయి, ఖాళీ తొడుగును వెలుపలికి విసరివేయును. మరల ముందునకు వచ్చుచు, పెట్టెలోని పైతూటాను తోసికొనిపోయి గొట్టములో నుంచును. స్లైడు తిరిగివచ్చు లోపల, రెప్పపాటులో పదియవవంతు కాలమున, కొత్తతూటా పైకి లేచి సరియైన కోణమున నిలిచియుండవలయును. ఆ పని చేయునది పిడిలో దూర్చిన పెట్టె. దానిలో నున్నవి ఐదే: రేకుగొట్టము, అడుగుమూత, స్ప్రింగు, తూటాలను మోయు పలక, పైతూటాను పట్టియుంచు రెండు పెదవులు. పెట్టెను పిడిలో నుంచుట బ్రౌనింగునకు ముందే, 1893లో, జర్మనీయందు బోర్చార్టు చేసియుండెను. బ్రౌనింగు ఘనత దానిని మొదట కనిపెట్టుటలో లేదు. ఎన్నడు నిలిచిపోని దానినిగా చేయుటలో నున్నది.

దానికి నిదర్శనము 1911 మార్చిలో అమెరికా సైన్యమువారు జరిపిన పరీక్ష. బ్రౌనింగు నిర్మించిన కోల్టు పిస్తోలును ఆరువేల తూటాలతో పరీక్షించిరి. వేడెక్కినపుడు నీళ్లలో ముంచి చల్లార్చి మరల కాల్చిరి. ఒక్కమారును అది ఆగలేదు. పోటీపడిన సావేజ్ కంపెనీవారి పిస్తోలు పలుమార్లు ఆగెను. మార్చి 29వ తేదీన బ్రౌనింగు పిస్తోలును సైన్యము స్వీకరించెను. ఏడుతూటాల పెట్టెగల ఆ పిస్తోలు 1985లో బెరెట్టాకు స్థానమిచ్చువరకు ఆ దేశ సైన్యపు ప్రధాన పిస్తోలుగా నిలిచినది.

తరువాత ప్రపంచయుద్ధములు వచ్చినవి. ఒక్క కర్మాగారము చేయగలిగినంత చాలదయ్యెను. రెండవ యుద్ధకాలమున టైపుయంత్రములు చేయు రెమింగ్టన్ ర్యాండు వారును, రైళ్ల సిగ్నళ్లు చేయు యూనియన్ స్విచ్ వారును ఈ పిస్తోలునే చేసిరి. పెట్టెలను రిస్డన్, స్కోవిల్ మొదలగు వేరు సంస్థలు చేసి పంపెడివి. ఒకరి పెట్టె మరియొకరి పిస్తోలులో అమరినది. ఏలయన, అందరియెదుట నున్నవి ఒకే పటము, ఒకే కొలతలు, ఒకే తనిఖీ.

విద్యార్థి రెండవ ప్రశ్నకు సగము జవాబు ఇదియే. అన్యులు చేసినదగుట దోషము కాదు. ఇటలీలోని మెక్‌గార్ సంస్థ పలు పిస్తోలు కంపెనీలకు అసలు పెట్టెలనే చేసి యిచ్చుచున్నది. అట్టివారి సరకును పరాయిదని త్రోసివేయుట తెలివితక్కువతనము. పేటెంటు కాలము తీరిన పిమ్మట ఎవరైనను చేయవచ్చును గనుక, కొలతలు పాటించువారును, రేకు వంచి రంగు పూసి చవుకగా అమ్మువారును ఒకే బజారున నుందురు. సైన్యములకు, పోలీసుశాఖలకు, పిస్తోలు కంపెనీలకు సరకు పంపు సంస్థయైనచో కొంత భరోసా. మిగిలిన భరోసాను పరీక్షయే ఈయవలయును.

ఆ పరీక్ష బ్రౌనింగు పద్ధతికి చిన్న ప్రతిబింబము. లైసెన్సు గలవారు, అనుమతిగల కాల్పుల మైదానమున, అనుభవజ్ఞుల సమక్షమున మాత్రమే చేయదగిన పని యిది. మొదట ఖాళీ పెట్టెను చేతబట్టి చూడవలయును. రెండు పెదవులును సమముగా నుండవలయును. పగులుగాని, ముల్లువంటి అంచుగాని ఉండరాదు. పలకను వ్రేలితో నొక్కినచో ఎచ్చటను పట్టుకొనక దిగి, విడువగనే పైకి రావలయును. పిమ్మట నిండుపెట్టెను, స్లైడు మూసియుండగా, పిడిలో దూర్చి చూడవలయును. గట్టిగా గ్రుద్దినగాని అమరనిచో దానిలో చోటు చాలలేదని గ్రహింపవలయును. కడపటి తూటా పేలిన పిదప స్లైడు వెనుకకే నిలిచిపోవలయును. అట్లు నిలువనిచో స్ప్రింగు బలహీనమనియో, పలక కొలత తప్పినదనియో అనుమానింపవలయును. ఏడింటికి చేసిన పొడవులోనే ఎనిమిదవ తూటాను ఇరికించిన పెట్టెలు బజారున కలవు. అందుకై స్ప్రింగుకును పలకకును ఉన్న చోటు తగ్గును. నేర్పుగలవారు చేసినవి చక్కగా పనిచేయును. నేర్పులేనివారి చేతిలో ఆ ఒక్క తూటా ఆశయే తక్కిన యేడింటికి చేటు తెచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది గుర్తు వేయుట. ప్రతి పెట్టెకు ఒక అంకె వ్రాసి, వాడదలచిన తూటాలతోనే పెక్కుమారులు కాల్చి, ఆగినప్పుడెల్ల ఏ అంకె పెట్టెలో ఆగినదో పుస్తకములో వ్రాసికొనవలయును. గుండ్రనిముక్కు తూటాతో నడచినది గుంటముక్కు తూటాతో నడవకపోవచ్చును. అన్ని పెట్టెలతోను ఆగినచో దోషము పిస్తోలుదో, తూటాదో. ఒకే అంకెతో మరల మరల ఆగినచో దోషము ఆ పెట్టెదే. అప్పుడు పెదవులను పట్టుకారుతో వంచి, స్ప్రింగును సాగదీసి సరిచేయబూనుట వ్యర్థము. పదేండ్ల బాలుడు తన తుపాకిని కుప్పలో పడవేసినట్లు, దానిని తీసివేయుటయే ఉత్తమము.

బ్రౌనింగు కడపటి పిస్తోలుకూడ పెట్టెతో ముడివడిన కథయే. ఫ్రెంచి సైన్యము ఎక్కువ తూటాలు పట్టు పిస్తోలు కోరగా, ఎఫ్.ఎన్. కర్మాగారమున అతని సహచరుడు ద్యుదొనె సేవ్ తూటాలను రెండు వరుసలుగా ఎడదాటు పేర్చి, పైన ఒకే వరుసగా కలియునట్లు పెట్టెను నిర్మించెను. దానిననుసరించి బ్రౌనింగు నమూనా గీచెను. అది పూర్తిగాకమున్నే మరణించెను. సేవ్ దానిని మెరుగుపరచగా 1935లో పదుమూడు తూటాల హైపవర్ వెలువడినది. కెనడాలోని ఇంగ్లిస్ సంస్థ దానిని యుద్ధకాలమున చేసినది. ఆ నమూనానే మన ఇషాపూరు రైఫిలు కర్మాగారమువారును తయారుచేసిరి. ఒక అమెరికనుని యోచన, ఒక బెల్జియనుని పెట్టె, ఒక భారతీయ కార్మికుని చేయి ఇట్లు కలసినవి.

ఆయుధము చేసినవాని జీవితము వ్రాయునపుడు ఒక ముల్లు కలమునకు తగులక మానదు. 1914లో సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన పిస్తోలు బ్రౌనింగు నిర్మించినదే. ఆ హత్యను వెన్నంటి లక్షలమందిని మ్రింగిన యుద్ధము వచ్చెను. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర ఆజాదు తుదివరకు పట్టుకొనియున్న కోల్టు పిస్తోలును ఆ నగరపు మ్యూజియములో నేటికిని చూడవచ్చును. అదియు బ్రౌనింగు నమూనాయే. ఇనుమునకు ధర్మాధర్మములు తెలియవు. పట్టినవాని మాటను తప్పక వినుట మాత్రమే దానికి తెలియును. కనుకనే పట్టువాని బాధ్యత పెద్దది.

1917లో అమెరికా యుద్ధములో దిగినపుడు, తన మరతుపాకుల హక్కులను ప్రభుత్వమునకు ఏడున్నర లక్షల డాలర్లకు బ్రౌనింగు అంగీకరించెను. వాడుక రాయల్టీ కోరియున్నచో వచ్చు ధనముతో పోల్చిన అది స్వల్పము. బేరమాడకయే ఒప్పుకొనెనని చెప్పుదురు. 1926 నవంబరు 26వ తేదీన, బెల్జియములోని ఎఫ్.ఎన్. కర్మాగారమున పనిలో నుండగనే గుండె ఆగి మరణించెను. డెబ్బదియొక్క యేండ్ల జీవితములో 128 పేటెంట్లు సంపాదించినవాడు పనిబల్లకు దగ్గరనే కన్నుమూసెను.

మరునాడు తరగతిలో ఆ విద్యార్థికి నేను చెప్పిన జవాబు చిన్నది. పెట్టెపై ముద్రించిన పేరు చూచి నమ్మకుము, పరాయిపేరని త్యజింపకుము. అంకె వేసి పరీక్షింపుము. తప్పినదానిని మొగమోటములేక తీసివేయుము. అతడు నవ్వి, పత్రిక యను మ్యాగజైనుకును ఇదే నియమమా యని అడిగెను. అవునంటిని. ఖజానా ఏదైనను, దానిలో దాచినది అవసరమైన క్షణమున చేతికి అందవలయును గదా.